ఎడమ కంటి రీలు

కామారెడ్డి,
12 జూన్ 1988

నర్సింహులన్నకు,

దోమకొండ పెండ్లిలో తీసిన గ్రూపు ఫోటో మొన్న నీ చేతికిచ్చినప్పుడు నువ్వడిగిన మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది. "గీ పచ్చ చీరె ఆమె ఎవలే?" అన్నావు. ఆమె మంగవ్వ వదిన. నీ భార్య. నువ్వు పరాచికాలాడుతున్నావనుకుని మా ఆయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

పందొమ్మిదేళ్లుగా ఈ స్టూడియోలో నా పనేమిటో నీకు తెలుసు. ఆయన ఫోటో తీస్తాడు. నేను చీకటి గదిలో ఫిల్ము కడిగి, సన్నటి పెన్సిలుతో మొహాల మీది మచ్చలు మాపుతాను. ఎవరి చూపు ఎటు పోతున్నదో నాకు ఇట్టే తెలిసిపోతుంది. నువ్వు మనిషిని నేరుగా చూడడం మానేశావన్నా. తల పక్కకు తిప్పి ఓరగా చూస్తున్నావు. చాయ్ కప్పు కూడా తడిమి పట్టుకున్నావు.

నీకు షుగరు మొదలై తొమ్మిదేళ్లు. ఇక్కడికి ప్రతి గురువారం స్వామిదాసు అనే కంటి డాక్టరు హైదరాబాదు నుంచి వచ్చి శుక్రవారం దాకా ఉంటున్నాడు. పాతదే కానీ ఒక కెమెరా తెచ్చి పెట్టాడు. అది కంటిపాప గుండా లోపలికి చూసి, అడుగున ఉండే పొరను ఫోటో తీస్తుంది. చేతి నరానికి పసుపు రంగు మందు ఎక్కిస్తారు. ఆ మందు నెత్తురులో కలిసి కంట్లోకి పోతుంటే టకటకా తీస్తారు. ఏ నరం కారుతున్నదో, ఏది మూసుకుపోయిందో అందులో తెలుస్తుంది. డాక్టరుకు చీకటి గది లేదు కాబట్టి ఆ రీళ్లు నేనే కడుగుతున్నాను. మొదటిరోజు ఒక ప్రింటు మీద తెల్లటి మరక కనిపిస్తే అలవాటు కొద్దీ కుంచె తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "అమ్మా, నీకది మరక. నాకదే రోగం. ముట్టకు" అన్నాడు.

వచ్చే గురువారం రా. కాలువ, నీళ్లు, డ్యూటీ అని చెప్పకు. వదిన పంపిన మామిడికాయ తొక్కు అయిపోయింది. జాడీ కడిగి పెట్టాను, నువ్వొస్తే పట్టుకుపోవచ్చు.

నీ చెల్లె
అనసూయ


ఎల్లారెడ్డి,
21 జూన్ 1988

చెల్లె అనసూయకు,

నీ ఉత్తరం అందింది. నాకేమీ కాలేదు. యాభై ఒక్కటి నిండాయి, కళ్లద్దాలు మార్చాలి, అంతే. మీ వదిన ఆ పచ్చ చీర కట్టగా నేను అంతకుముందు చూడలేదు. అందుకే పోల్చుకోలేదు.

వచ్చే నెల నిజాంసాగర్ నీళ్లు వదులుతారు. మా ఉపకాలువ తూము దగ్గర గేజి చదివేది నేనే. నీకు ఎన్నిసార్లు చెప్పినా "నీళ్లను జూసుడు గూడ నౌకరేనా?" అని నవ్వుతావు. నీళ్లలో నిలబెట్టిన పలక మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉంటాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూడాలి. తక్కువుంటే షట్టరు ఎత్తాలి, ఎక్కువైతే దించాలి. అటు పొరపాటు చేస్తే చివరి పొలాలు ఎండుతాయి. ఇటు పొరపాటు చేస్తే కట్ట తెగుతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కనాడు తప్పు చదవలేదు. ఇంకా ఏడేళ్ల సర్వీసుంది. నా కళ్లు బాగాలేవని ఎవరి చెవినైనా పడితే ఆ పలక దగ్గర నన్ను నిలబడనివ్వరు.

ఫోటో తీస్తే రోగం పోతుందా? నాతోపాటు కాలువ మీద పనిచేసే మైసన్న వాళ్ల అన్నకు నిరుడు ఛాతీ ఫోటో తీశారు. మూడోనాడు పోయాడు.

ఇక్కడ వానలు పడ్డాయి. బావకు నా మాటగా చెప్పు, పెండ్లి ఫోటోలు బాగున్నాయని.

నీ అన్న
నర్సింహులు


కామారెడ్డి,
2 జులై 1988

అన్నా,

నీ ఉత్తరంలో మొదటి వరుస తిన్నగానే ఉంది. నాలుగో వరుస జారి అయిదో వరుస మీద పడింది. "షట్టరు" అన్న మాట మీదే "కట్ట" అని రాశావు. కవరు మీద మా ఊరి పేరు స్టాంపు కింద సగం దూరింది. "నాకేమీ కాలేదు" అని చేతితో రాశావు, కళ్లు మాత్రం వేరే సంగతి చెప్పాయి. ఈ ఉత్తరం నేను ఎవరికీ చూపించలేదు.

నీ ప్రశ్న డాక్టరు ముందు పెట్టాను. ఆయన నవ్వలేదు. "ఫోటో రోగాన్ని తీసెయ్యదమ్మా. కానీ ఎంత చూపు తిరిగొస్తదో ముందుగాలనే చెప్తది. నడుమనున్న సన్న నరాలు బతికుండి, ఉత్తగ కారుతుంటే లేజరు కిరణంతోని కారుడు ఆపొచ్చు. కొంత చూపు వస్తది. అవే మూసుకపోయి ఉంటే ఏం చేసినా రాదు. ఆలస్యం చేస్తే బతికున్నవి గూడ పోతయ్" అన్నాడు.

నువ్వు రాకపోతే నేనే వచ్చి తూము దగ్గర కూర్చుంటాను. పొద్దున, సాయంత్రం నువ్వు గేజి చదువుతుంటే పక్కన నిలబడి నేనూ చదువుతాను. ఏది కావాలో చూసుకో.

నీ చెల్లె
అనసూయ


ఎల్లారెడ్డి,
18 జులై 1988

అనసూయా,

నీ పంతం నెగ్గింది. మీ ఇంట్లో రెండు రోజులు ఉన్నాను, నీ చేతి జొన్నరొట్టె తిన్నాను, గురువారం కుడి కన్ను, శుక్రవారం ఎడమ కన్ను అప్పజెప్పి వచ్చాను. ఇక ఇంటికొచ్చాక జరిగింది విను.

బస్సు దిగి గడపలో కాలు పెట్టానో లేదో, మీ వదిన నన్ను చూసి గుండెలు బాదుకుంది. ఒళ్లంతా పసుపు పూసినట్టుందట, కంటి తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉందట. "కామెర్లు తెచ్చుకున్నవ్! చెల్లెలింటికి పోయి కామెర్లు తెచ్చుకున్నవ్!" అని ఒకటే లొల్లి. అది నరానికెక్కించిన రంగు, ఒక రోజులో పోతుందని డాక్టరు చెప్పాడంటే వినదు. రామారెడ్డి ఊళ్లో పసరు పోసేవాడి దగ్గరికి లాక్కుపోయింది. వాడు నన్నటూ ఇటూ తిప్పి చూసి, చేదు పసరు పోసి, మూడు రోజులు ఉప్పు తినొద్దన్నాడు. మర్నాటికి పసుపు పోయింది. ఇప్పుడు మీ వదిన ఊరంతా ఆ పసరు గొప్పతనమే చెబుతున్నది.

నీకొక్కదానికే ఒక మాట చెబుతున్నాను. ఏప్రిల్ నుంచి గేజి మీద అంకెలు నాకు సరిగా ఆనడం లేదు. కుడి కన్నుతో కష్టపడితే చదవగలను. ఎడమ కంటికి పలక తప్ప అంకె లేదు. వెలుతురు బాగా లేనినాడు మైసన్న చదివి చెబుతాడు, నేను రాస్తాను. ఈ ఉత్తరాలు కూడా అతనే చదివి వినిపిస్తున్నాడు.

ఫోటోలో ఏముందో దాచకుండా రాయి. మంచిదైనా చెడ్డదైనా సరే.

నర్సింహులు


కామారెడ్డి,
23 జులై 1988

అన్నా, తొందరలో కార్డు రాస్తున్నాను. కుడి కంటిది చాలా బాగా వచ్చింది. ఎడమ కంటిది పూర్తిగా పాడైంది. డాక్టరు నిన్ను మళ్లీ రమ్మంటున్నాడు. ఆలస్యం చేయకు. మిగతావి ఎదురుగా మాట్లాడుకుందాం.

అనసూయ


ఎల్లారెడ్డి,
5 ఆగస్టు 1988

చెల్లె అనసూయకు,

నీ కార్డు మైసన్న చేత రెండుసార్లు చదివించుకున్నాను. దాచకుండా రాసినందుకు సంతోషం. నాకు ఒక్కటి చాలు. పాడైనదాని కోసం మళ్లీ బస్సెక్కి రాను. డాక్టరుకు నా నమస్కారాలు చెప్పు. ఆయన చేసింది మరిచిపోను.

కాలువ నిండుగా పారుతున్నది. ఇప్పుడు ఒక్కపూట కూడా కదలడానికి లేదు. నాట్లు జోరుమీదున్నాయి. మీ వదిన కూలికి పోతే రోజూ చీకటిపడే వేళకు వస్తున్నది, నడుము నొప్పి అంటున్నది. మీ వైపు వానలెట్లున్నాయి?

నర్సింహులు


కామారెడ్డి,
16 ఆగస్టు 1988

అన్నా,

ఒక్కటి చాలు అంటావా? ఎట్లా చాలుతుంది? డాక్టరుకు రెండు కళ్లవీ కావాలి. ఒకటి పాడైతే మళ్లీ తీస్తారు. అందులో నీకు పోయేదేముంది, ఒక రోజు తప్ప?

కుడి కంటి గురించి డాక్టరు చెప్పింది చాలా ఉంది. అది కార్డు మీద రాసేది కాదు, ఎవరో చదువుతుంటే నువ్వు వినేదీ కాదు. అందుకే రమ్మంటున్నాను. ప్రతి గురువారం ఆయన అడుగుతున్నాడు, "మీ అన్న రాలేదా?" అని. నేను చీకటి గదిలోకి పోతున్నాను.

అనసూయ


ఎల్లారెడ్డి,
29 ఆగస్టు 1988

అనసూయకు,

మైసన్న "ఎవరో" కాదు. నీ ఉత్తరం చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. తర్వాత మిగతాది చదివాడు.

పాడైనదాన్ని మళ్లీ మళ్లీ తీసి మీ డాక్టరు ఏం చేసుకుంటాడు? డాక్టరీ చదివే పిల్లలకు చూపిస్తాడా? నేను రాను. నన్ను పని చేసుకోనివ్వు.

నర్సింహులు


ఎల్లారెడ్డి,
24 సెప్టెంబరు 1988

అనసూయా,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మైసన్న రాస్తున్నాడు. ఒక్క ముక్క దాచవద్దని అతనికి చెప్పాను.

మంగళవారం సాయంత్రం మబ్బు పట్టి ఉంది. మైసన్న జ్వరంతో రాలేదు. నేనొక్కడినే గేజి చూశాను. నీళ్లు అయిదో అడుగు గీత మీదున్నాయి. నేను మూడు అని చదివాను. అంకె నడుమ భాగం నాకు కనబడలేదు, చుట్టూ ఉన్న వంపు చూసి మూడే అనుకున్నాను. నీళ్లు తక్కువున్నాయని షట్టరు ఇంకా ఎత్తాను. రెండు గంటలు కాకముందే మూలమలుపు దగ్గర కట్ట తెగింది. మనుషులకు ఏమీ కాలేదు. కానీ తాజుద్దీన్ పొలం రెండెకరాలు పొట్టకొచ్చిన వరి, దాని మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది.

పొద్దున నేనే వాళ్లింటికి పోయాను. కట్ట ఎలుక బొరియల వల్ల తెగిందని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. ఊరుకుంటే అదే నిలిచేది. నేను తాజుద్దీన్‌తో, "అన్నా, ఎలుకలు గాదు. నేనే. గేజి తప్పు సదివిన. నాకు కండ్లు కానొస్తలేవు" అన్నాను. ఆయన భార్య ఖాజాబీ లోపలి నుంచి వచ్చి, "కానరాకపోతే జెప్పాలె గదా నర్సింలూ! నీళ్లు నీ చేతుల వెట్టి మేం నిమ్మలంగ పంటున్నం గదా!" అని ఏడ్చింది. ఆమె తిట్టినా బాగుండేది. అక్కడి నుంచి నేరుగా ఇంజనీరు దగ్గరికి పోయి అదే మాట చెప్పాను. నన్ను గేజి నుంచి తీసేసి కాలువ గట్టు మీద గడ్డి కోసే పనికి పెట్టారు. విచారణ జరుగుతుందట.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. కుడి కన్ను చాలా బాగా వచ్చిందని రాశావు కదా. ఆ మాట నమ్మి, పాడైపోయిన ఎడమ కంటికి తువ్వాల కట్టుకుని, జులై నుంచి రోజూ కుడి కన్నుతోనే చదవడం సాధన చేశాను. సాధన చేసిన కొద్దీ నడుమ ఖాళీ పెద్దదైంది. బాగున్న కన్ను ఇట్లా ఎందుకు చేసింది?

నర్సింహులు
(రాసింది మైసన్న. అక్కా, నేను చెయ్యని తప్పుకు గూడ నాకు నిద్ర వస్తలేదు.)


కామారెడ్డి,
28 సెప్టెంబరు 1988

అన్నా,

పాడైంది ఫిల్ము. కన్ను కాదు.

ఈ ఒక్క మాట రాసి కలం పక్కన పెట్టాను. మళ్లీ ఇప్పుడు మొదలుపెడుతున్నాను. మైసన్నా, నువ్వే చదువుతున్నావు కదా. "ఎవరో" అన్నందుకు నన్ను క్షమించు. ఇక నీ ముందు దాచేది ఏమీ లేదు. గట్టిగా చదువు.

కుడి కంటిది బాగా వచ్చిందంటే ఫోటో స్పష్టంగా వచ్చిందని అన్నా. అంత స్పష్టమైన ఫోటో నేను అంతవరకు కడగలేదు. ఆ స్పష్టమైన ఫోటోలో కనిపించింది మాత్రం చెడ్డ సంగతి. తడి ఆరకముందే డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, "అయ్యో, నడుమ నరాలు మూసుకపోయినయ్" అన్నాడు. చీకటి గది తలుపు వెనక నుంచి నాకు వినబడింది. అప్పుడు నా చేతిలో నీ ఎడమ కంటి రీలు ఉంది. ముందు బొమ్మను తేల్చే డెవలపరులో ముంచాలి, తర్వాత దాన్ని నిలిపే హైపోలో. పందొమ్మిదేళ్లలో వేల రీళ్లు కడిగాను, కళ్లు మూసుకుని చెయ్యగలను. ఆ మాట విన్నాక చెయ్యి తప్పింది. నేరుగా హైపోలో ముంచాను. బయటికి తీస్తే గాజులాగా ఖాళీ ఫిల్ము. ఒక్క బొమ్మ లేదు.

"పాడుచేశాను" అని రాయాల్సింది "పాడైంది" అని రాశాను. నా చెయ్యి తప్పిందని నీకు తెలియకూడదనుకున్నాను. నువ్వు వస్తే మళ్లీ తీయించి, ఏమీ జరగనట్టు కడుగుదామనుకున్నాను. నీ రెండు నెలలు, తాజుద్దీన్ రెండెకరాలు, అన్నీ ఆ ఒక్క మాటలో పోయాయి. నువ్వు ఆయన గడపలో నిలబడి ఉన్నమాట చెప్పావు. నేను సొంత అన్నకు చెప్పలేకపోయాను.

ఎడమ కంట్లో ఏముందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. పోయిందని ఎవరూ చెప్పలేదు. వచ్చే గురువారం, అక్టోబరు ఆరున రా. రాకపోతే నేను గడ్డి కొడవలి పట్టుకుని నీ పక్కన గట్టు మీద కూర్చుంటాను. ఈసారి ఉత్తమాటకు అనడం లేదు.

అనసూయ


కామారెడ్డి,
8 అక్టోబరు 1988

అన్నా,

విచారణ ఉందని ఫోటో ఆరకముందే బస్సెక్కావు. అందుకే ఇది రాస్తున్నాను. రంగులద్దే కుంచెతో పెద్ద అక్షరాలు రాస్తున్నాను, నీ అంతట నువ్వే చదువుకోవాలని. పది కాగితాలు అవుతాయి, కానివ్వు.

రీలు కడిగేటప్పుడు మా ఆయన్ను తలుపు దగ్గర నిలబెట్టి, ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఎడమ కన్ను వచ్చింది. ప్రింటు తీసి రెండు కళ్లూ పక్కపక్కన పెట్టాం. డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కుడి కంట్ల నడుమ చీకటి జాగ చూడమ్మా. ఆడ నరాలే లేవు. ఆ నడుమ చూపు మళ్లీ రాదు. చుట్టూ ఉన్న చూపును మాత్రం కాపాడుకోవాలె. ఎడమ కంట్ల గీ తెల్లటి పొగ చూడు. నరాలు కారి వాపొచ్చింది. అందుకే కుడి కంటికంటె దీనికి ఇప్పుడు తక్కువ కనబడుతది. కానీ పొగ కింద నరాలు బతికే ఉన్నయ్. లేజరుతోని కారుడు ఆపితే నాలుగైదు నెలలకు చార్టు మీద రెండు వరుసలు ఎక్కువ చదువుతడు. మూడోది రాదు. షుగరు అదుపుల లేకపోతే ఆ రెండు గూడ రావు."

రెండే ఎందుకు, మూడెందుకు కాదు అని నేను కొట్లాడాను. "ఉన్నది చెప్పుమన్నవ్, చెప్పిన" అన్నాడు. లేజరు హైదరాబాదులో ఉంది. ఈ నెల దాటనివ్వొద్దన్నాడు. నీతో నేనూ వస్తాను.

అనసూయ


ఎల్లారెడ్డి,
15 అక్టోబరు 1988

చెల్లే,

నీ పది కాగితాలు నేనే చదివాను. రెండు పూటలు పట్టింది. మైసన్న పక్కన కూర్చున్నాడు కానీ సాయం చెయ్యనివ్వలేదు.

కనిపించే కన్ను రాదట, కనిపించని కన్ను వస్తుందట. మీ వదినకు ఇది ఎంత చెప్పినా ఎక్కడం లేదు. "ఉన్న కన్ను ఇడిసి లేని కంటికి ఎవడన్న మందు జేస్తడా?" అంటున్నది. నాకూ మొదట అట్లాగే అనిపించింది. జులైలో మాట నమ్మి మోసపోయాను. ఈసారి నువ్వు ఉత్తరంతో పంపిన రెండు ఫోటోలు ఎదురుగా పెట్టుకుని చూశాను. నాకు కనబడినంత వరకు అందులో తేడా ఉంది. పోదాం. దసరా మూడోరోజు బయలుదేరుదాం.

నీ మీద కోపం ఉందా అని అడగలేదు నువ్వు. వారం రోజులు ఉంది. తర్వాత లేదు.

నర్సింహులు


ఎల్లారెడ్డి,
8 జనవరి 1989

అనసూయా,

లేజరు కొట్టించుకుని రెండు నెలలు దాటింది. ఎడమ కంట్లో ఏ మార్పూ లేదు. ముందుకంటె మసకగా ఉందేమో అని కూడా అనిపిస్తున్నది.

అయినా డాక్టరు చెప్పినవి ఏవీ మానలేదు. బెల్లం చాయ్ బంద్. రెండు పూటలా జొన్నరొట్టె. పొద్దున్నే నాలుగు మైళ్లు నడక. వారానికి రెండుసార్లు తాజుద్దీన్ పొలంలో ఇసుక ఎత్తుతున్నాను, మైసన్న కూడా వస్తున్నాడు. మొదటిరోజు తాజుద్దీన్ గట్టు మీద కూర్చుని చూశాడు. మూడోనాడు తనూ పార పట్టాడు. ఇసుక ఎత్తడానికి కళ్లు అక్కర్లేదు, బరువు తెలిస్తే చాలు. ఇప్పటికి ఎకరం పైన తేలింది. విచారణలో రెండేళ్లు జీతం పెంచకుండా ఆపారు. నిజం నేనే చెప్పానని నౌకరి ఉంచారట.

నాలుగైదు నెలలన్నాడు కదా. ఇంకా రెండు నెలలుంది. నిలబడతాను.

నర్సింహులు


కామారెడ్డి,
25 ఫిబ్రవరి 1989

అన్నా,

మొన్నటి గురువారం తీసిన ఫోటో ఆరింది. మంచి మాట ముందు: ఎడమ కంట్లో పొగ దాదాపు లేదు. నరాలు సన్నగా, విడివిడిగా కనబడుతున్నాయి. డాక్టరు చాలాసేపు చూసి, "కారుడు ఆగింది. చూపు దీని ఎనకాల నడిచొస్తది, కొంచెం మెల్లగ" అన్నాడు. చెడ్డ మాట: కుడి కంటి నడుమ చీకటి అట్లాగే ఉంది.

ఇంకొకటి. చివరి రెండు బొమ్మలు కొంచెం గీసుకుపోయాయి. నా గోరు తగిలింది. నేనే పాడుచేశాను. డాక్టరుకు చెప్పాను, మిగతావి చాలన్నాడు.

అనసూయ


ఎల్లారెడ్డి,
17 మార్చి 1989

చెల్లె అనసూయకు,

ఈ ఉత్తరం నా చేతితో రాస్తున్నాను. వరుసలు ఎట్లున్నాయో నువ్వే చెప్పాలి.

పోయిన వారం ఇంట్లో క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాను. మీ వదిన, "ఏం జూస్తున్నవ్ గంతసేపు?" అని అడిగింది. "హోలీ ఎన్నడో జూస్తున్న. బుధవారం" అన్నాను. ఆమె వచ్చి నా మొహంలోకి చూసింది, నేను ఆమె మొహంలోకి చూశాను. ముక్కుపుడక రాయి మార్పించుకుందట, నిరుడే. నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు చార్టు మీద రెండు వరుసలు ఎక్కువ చదివాను, ఆయన చెప్పినట్టే. మూడోది ఎంత చూసినా రాలేదు, అదీ ఆయన చెప్పినట్టే.

మొన్న ఇంజనీరు నన్ను తూము వంతెన మీదికి పిలిచి గేజి చదవమన్నాడు. ఎండ బాగా ఉంది. "నాలుగు అడుగుల ఏడంగుళాలు" అన్నాను. ఆయన తనూ వంగి చూసి, సరే అన్నాడు. వచ్చే నెల నుంచి నా పని నాకే ఇస్తానన్నాడు. ఇంటికి పోదామని రెండడుగులు వేశాను. మళ్లీ వెనక్కి వచ్చాను.

"సారూ, పొద్దటిపూట ఎండల సదువుత. సాయంత్రం మసకల నాకు కానరాదు. మబ్బున్ననాడు గూడ కానరాదు. అవి మైసన్నకియ్యున్రి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గీ మాట నిరుడు జెప్పకపోతివి?" అన్నాడు.

"నిరుడు భయపడ్డ సారూ."

పొద్దటిది నాకు, సాయంత్రానిది మైసన్నకు రాసిచ్చాడు. మబ్బున్ననాడు ఇద్దరం కలిసి చదవాలని కూడా రాశాడు.

ఇక అసలు సంగతి. తాజుద్దీన్ పొలంలో చివరి ఇసుక కుప్ప ఎత్తుతున్నప్పుడు ఆయన పార నా కాలికి తగలబోయింది. "కానరాలేదు నర్సింలూ" అన్నాడు. ఆ మాట ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి పార కింద పెట్టి కూర్చోబెట్టి అడిగాను. ఆయనకు షుగరు ఆరేళ్ల నుంచి ఉందట. కండ్ల ముందు దోమలు తిరుగుతున్నట్టుంటుందట, ఖాజాబీకి కూడా చెప్పలేదట. నా ఫోటోల సంగతి మొత్తం చెప్పాను. రంగు ఎక్కించేది, పచ్చగా అయ్యేది, రెండు వరుసలు వచ్చింది, మూడోది రానిది, కుడి కన్ను ఇక రానిది, అన్నీ.

ఆయన ఇసుకలో వేలితో గీతలు గీస్తూ, "నాకు గూడ మంచి మాటనే జెప్తడా డాక్టరు?" అని అడిగాడు.

"అది నాకు తెల్వదన్నా" అన్నాను. "ఉన్నమాట జెప్తడు. దాంతోని ఏం జెయ్యాల్నో మనం జూసుకుందం."

హోలీ మర్నాడు, గురువారం, పొద్దటి మొదటి బస్సుకు నలుగురం వస్తున్నాం. ఆయన, ఖాజాబీ, మీ వదిన, నేను. డాక్టరుకు చెప్పి రెండు కొత్త రీళ్లు తెప్పించి పెట్టు.

నీ అన్న
నర్సింహులు